అమ్మానాన్నలని చిన్న ఊరి పయనీర్ మ్యూజియంకి తీసుకెళ్లడం ఎలా

మే నెల వచ్చిందంటే చాలు నా ఫోన్‌కి ఇదే ప్రశ్న. "అమ్మావాళ్లు వచ్చారండీ, న్యూయార్క్ అయిపోయింది, నయాగరా అయిపోయింది, ఇంక ఇక్కడ చుట్టుపక్కల చూపించడానికి ఏముంది?" అమెరికా మధ్యలో ఒమాహా, లింకన్, డెన్వర్ వైపు ఉండే మనవాళ్లు అందరూ అడిగేది ఇదే, నేను చెప్పేదీ ఒకటే, ఏదైనా పయనీర్ మ్యూజియంకి తీసుకెళ్లండి అని. సగం మంది "పాత సామాన్లు ఏం చూస్తారులెండి" అని కొట్టిపారేస్తారు, మిగతా సగం వెళ్లి గంటలో బయటికొచ్చి బోర్ కొట్టింది అంటారు. బోర్ ఎందుకు కొడుతుందంటే మనం దాన్ని సాలార్జంగ్ మ్యూజియం చూసినట్టు చూస్తాం, ఒక గది తర్వాత ఇంకో గది, చకచకా. వీటిని అలా చూడకూడదు. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పేసరికి నా నోరు నొప్పెడుతోంది, అందుకే మొత్తం ఒకచోట రాసేస్తున్నా.

పయనీర్లు అంటే 1800ల మధ్య నుంచి తూర్పు రాష్ట్రాల నుంచీ యూరప్ నుంచీ వచ్చి ఈ చెట్టూచేమా లేని గడ్డి మైదానాల్లో భూమి దున్నుకుని స్థిరపడ్డ రైతులు, అంతే. వాళ్ల మనవలు, మునిమనవలు అటకల మీంచి, కొట్టాల్లోంచి దించి ఇచ్చిన సామానే ఈ మ్యూజియంలన్నీ. అమెరికా మధ్య రాష్ట్రాల్లో ఏ కౌంటీలో (మన జిల్లా లాంటిది) చూసినా దాదాపు ఒకటి ఉంటుంది.

నేను ఎక్కువగా నెబ్రాస్కాలో మిండెన్ అనే ఊరి గురించి చెప్తా, ఎందుకంటే నాలుగుసార్లు వెళ్లా. ఊరు మహా అయితే మూడు వేల మంది, కానీ అక్కడి హెరాల్డ్ వార్ప్ పయనీర్ విలేజ్‌లో 50 వేల పైచిలుకు వస్తువులున్నాయి. 20 ఎకరాల స్థలం, పాతికకి పైగా బిల్డింగులు, 1953లో తెరిచారు. వార్ప్ ఆ చుట్టుపక్కలే పుట్టి, షికాగో వెళ్లి, కోళ్ల షెడ్ల కిటికీలకి గాజు బదులు పెట్టుకునే ఫ్లెక్స్-ఓ-గ్లాస్ అనే షీట్ అమ్మి బాగా సంపాదించాడు. తను చదువుకున్న పాత బడిని అమ్మేస్తున్నారని తెలిసి కొనేశాడు, అక్కడ మొదలైన పిచ్చి ఇది. కోళ్ల డబ్బుతో మ్యూజియం అంటే మన తణుకు వైపు వాళ్లు ఒప్పుకుంటారు, ఎందుకు కాదు.

ముందు ఏం రెడీ చేసుకోవాలి

- చిన్న నోట్లు, అంటే ఒకట్లు, ఐదులు. చాలా చోట్ల టికెట్ ఉండదు, తలుపు పక్కన డొనేషన్ డబ్బా ఉంటుంది, కార్డు మెషిన్ ఉండకపోవచ్చు.
- నడవడానికి మెత్తటి బూట్లు. అమ్మకి చీర మీద చెప్పులు వద్దని ముందే చెప్పండి, కంకర దారులుంటాయి, పాత ఇళ్ల గడపలు ఎత్తుగా ఉంటాయి.
- దగ్గరి చూపు కళ్లజోడు. లేబుళ్లు టైప్‌రైటర్ మీద కొట్టినవి, రంగు వెలిసిపోయి ఉంటాయి. కళ్లజోడు మర్చిపోతే ఆ రోజంతా మీరే చదివి పెట్టాలి.
- నీళ్లు, భోజనం. చిన్న ఊళ్లో శాకాహారం అంటే చీజ్ శాండ్‌విచ్, ఆదివారం అయితే అదీ ఉండదు. పులిహోర కలుపుకుని వెళ్లండి, పెరుగన్నం కూలర్‌లో పెట్టండి. మిండెన్‌లో అయితే ఊరి మధ్యలో కోర్టు బిల్డింగ్ ఉంది కదా, ఆ చుట్టుపక్కల ఎక్కడైనా నీడ చూసుకుని కూర్చోవచ్చు.
- పల్లెటూళ్లో పెరిగిన మనిషి ఒకరు. ఇది తమాషాకి చెప్పట్లేదు, ఈ లిస్టులో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మీ అమ్మానాన్న సిటీలో పెరిగినవాళ్లయితే పెద్దమ్మనో, మామయ్యనో, ఎవరో ఒకరిని కలుపుకోండి.

ఇంక వరసగా చెప్తా.

1. ముందు ఫోన్ చెయ్యండి

మ్యాప్‌లో ఓపెన్ అని చూపించిందని బండెక్కెయ్యకండి. ఇవి చాలావరకు వాలంటీర్ల మీద నడుస్తాయి, ఆ వాలంటీర్‌కి డెబ్బై ఐదేళ్లు ఉంటాయి, ఆ రోజు ఆవిడకి మోకాళ్ల నొప్పి వస్తే మ్యూజియం లేదు. చాలా వాటికి మెమోరియల్ డే నుంచి లేబర్ డే దాకానే, అంటే మే చివర నుంచి సెప్టెంబర్ మొదటి వారం దాకానే సీజన్, అదీ మధ్యాహ్నం పూట. మిగతా నెలల్లో ముందుగా చెప్పి వెళ్తేనే తలుపు తీస్తారు.

మేము మొదటిసారి ఒక కౌంటీ మ్యూజియంకి సోమవారం పూట వెళ్లాం, రెండు గంటలు డ్రైవ్ చేసి, తీరా చూస్తే తాళం. అద్దంలోంచి లోపల ఒక బండి కనిపిస్తోంది, మా నాన్న అద్దానికి నుదురు ఆనించి దాన్నే పది నిమిషాలు చూశారు. తలుపు మీద కాగితం ముక్క మీద ఒక ఫోన్ నంబర్ ఉంటే మా ఆయన చేశారు, పావుగంటలో ఒక పెద్దాయన పికప్ ట్రక్‌లో వచ్చి తాళం తీశాడు, పొలం నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, బూట్లకి మట్టి. ఆ నంబర్ కాగితం మీకు ఎప్పుడైనా కనిపిస్తే మొహమాటపడకుండా చెయ్యండి, కానీ దాన్ని నమ్ముకుని మాత్రం బయల్దేరొద్దు.

ఫోన్లో అడగాల్సినవి: ఏ రోజు ఏ టైముకి, లోపల ఏసీ ఉందా, మెట్లు ఎన్ని, వీల్‌చెయిర్ తిరుగుతుందా. ఏసీ గురించి తప్పకుండా అడగండి, ట్రాక్టర్లు పెట్టే రేకుల షెడ్లు జులైలో పెనంలా ఉంటాయి. వాయిస్‌మెయిల్ వస్తే పేరు, ఎంతమంది, ఏ రోజు అని నిదానంగా చెప్పి పెట్టండి, తిరిగి చేస్తారు, మాకు ప్రతిసారీ చేశారు.

2. టైము లెక్క సరిగ్గా వేసుకోండి

ఒమాహా నుంచి మిండెన్ మూడు గంటల లోపే. ఐ-80 హైవే మీద 279వ ఎగ్జిట్ తీసుకుని దక్షిణంగా 12 మైళ్లు. నెబ్రాస్కాలో ఐ-80 ఎగ్జిట్ నంబర్లు వ్యోమింగ్ బోర్డర్ నుంచి మైళ్ల లెక్క, కాబట్టి ఇంకా ఎంత దూరం అని పిల్లలు అడిగితే వాళ్లనే తీసివేతలు చేసుకోమనండి.

డెన్వర్ వాళ్లూ, మీకు ప్రత్యేకంగా చెప్తున్నా. ఒగల్లాల దాటాక, నార్త్ ప్లాట్ రాకముందే మౌంటెన్ టైము పోయి సెంట్రల్ టైము వస్తుంది, ఒక గంట హాంఫట్. ఐదు గంటల పైన డ్రైవ్, దాని మీద ఈ గంట, "పొద్దున్నే ఎనిమిదికి బయల్దేరాం కదా" అనుకుంటూ వెళ్లేసరికి మ్యూజియం మూసే టైము అయిపోతుంది. ఈ పొరపాటు చేసిన వాళ్లు నాకు తెలిసి మూడు కుటుంబాలు. డెన్వర్ నుంచి అయితే ముందు రోజు రాత్రి మిండెన్‌కి దగ్గర్లో ఉన్న కార్నీలో పడుకుని పొద్దున వెళ్లండి. ఊరి పేరు స్పెల్లింగ్ చూసి కియర్నీ అనకండి, కార్నీయే.

3. కౌంటర్ దగ్గర తొందరపడొద్దు

మనవాళ్లు టికెట్ కొనేసి సరాసరి లోపలికి పోతారు. ఆగండి. కౌంటర్ దగ్గర కూర్చున్న ఆవిడే ఆ మ్యూజియంలో సగం. "వేర్ ఆర్ యూ ఫ్రమ్" అని అడుగుతుంది, ఒమాహా అని ఊరుకోకుండా అమ్మానాన్నల ఊరి పేరు కూడా చెప్పండి, అక్కడ ఏం పండుతుందో చెప్పండి. తర్వాత మీరొక ప్రశ్న అడగండి, ఒక్కటే: "మీ వాళ్లు ఇక్కడికి ఎప్పుడొచ్చారు?" అంతే, ఇంక ఆవిడ కుర్చీలోంచి లేచి మీతో నడుస్తుంది. మా అమ్మకి ఇంగ్లీషు రాదు, ఆవిడకి తెలుగు రాదు, అయినా ఇద్దరూ ఒక కవ్వం దగ్గర ఇరవై నిమిషాలు నిలబడి ఏదో మాట్లాడుకున్నారు, మధ్యలో నన్ను అనువాదానికి పిలవను కూడా లేదు.

విజిటర్ బుక్‌లో సంతకం పెట్టండి. ఊరు అన్న కాలమ్‌లో ఇండియా ఊరు రాయండి. ఎంతమంది వచ్చారు, ఎంత దూరం నుంచి వచ్చారు అన్న లెక్క ఇలాంటి చోట్ల గ్రాంట్లు అడిగేటప్పుడు పనికొస్తుంది.

4. మూడే మూడు ఎంచుకోండి

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. 50 వేల వస్తువులు, ఒక్కోదానికి ఐదు సెకన్లు ఇచ్చినా దాదాపు 69 గంటలు. కాబట్టి అన్నీ చూద్దాం అనే ఆలోచన కారులోనే వదిలేసి రండి. మ్యాప్ తీసుకుని కూర్చుని అమ్మకొకటి, నాన్నకొకటి, పిల్లలకొకటి ఎంచుకోండి, ఒక్కోదానికి నలభై నిమిషాలు. మిగతావి దారిలో తగిలితే చూడండి, లేకపోతే లేదు.

మా లెక్క ఇది: అందరికీ కలిపి మట్టి ఇల్లు, అమ్మకి వంటిళ్లు, నాన్నకి వ్యవసాయం షెడ్డు, పిల్లలకి ఒంటిగది బడి. మూడు అని చెప్పి నాలుగు రాశానేంటి అంటారా, మట్టి ఇల్లు లెక్కలోకి రాదు, అది ఎలాగూ చూడాల్సిందే.

పాత కార్లు వందల కొద్దీ ఉన్నాయి, కానీ కార్ల పిచ్చి ఉన్న మగవాళ్లని ముందు అటు పంపించారంటే ఇంక వాళ్లు దొరకరు. కార్లు చివర్లో.

5. మట్టి ఇంట్లో పది నిమిషాలు కదలకుండా నిలబడండి

సాడ్ హౌస్ అంటారు. మిండెన్‌లో ఉన్నది అసలుది కాదు, అసలుదానిలాగే కట్టింది, అయినా పర్వాలేదు. ఇక్కడ చెట్లు లేవు, కలప లేదు, రాయి లేదు. ఉన్నదల్లా గడ్డి, దాని వేళ్లు ఎంత దట్టంగా ఉంటాయంటే నాగలితో అడుగు వెడల్పు పట్టీలుగా కోస్తే మట్టి విడిపోకుండా ఇటుకలా లేస్తుంది. ఆ ముక్కల్ని గడ్డి వైపు కిందికి తిప్పి పేర్చేవాళ్లు, గోడ రెండు మూడు అడుగుల మందం. దానికి వాళ్లు పెట్టుకున్న ముద్దు పేరు నెబ్రాస్కా మార్బుల్.

ఇక్కడ లేబుల్ చదవకుండా ముందు ఇవి చూడండి. కిటికీ లోతు ఎంతుందో చెయ్యి పెట్టి చూడండి, తాకనిస్తేనే, తాడు కట్టి ఉంటే కళ్లతోనే. తర్వాత తల పైకెత్తండి. ఇలాంటి ఇళ్లలో పైకప్పు కింద తెల్ల గుడ్డ కట్టేవాళ్లు, ఎందుకో పిల్లల్ని ఊహించమనండి. మా వాడు డెకరేషన్ అన్నాడు, మా అమ్మ పైకి చూసి వెంటనే "పాములు, తేళ్లు పడకుండా" అంది. అదే కరెక్టు, మట్టి, పురుగులు, అప్పుడప్పుడు పాములు మంచాల మీద, పొయ్యి మీద పడకుండా. వాళ్లింట్లో తాటాకు కప్పు కింద చిన్నప్పుడు పాత చీర కట్టేవాళ్లట, ఆ సంగతి నాకు నలభై ఏళ్లలో ఎప్పుడూ చెప్పలేదు.

పొయ్యిలో ఏం కాల్చేవాళ్లు అని కూడా అడగండి. కట్టెలు లేవు కదా. ఎండిన బైసన్ల (ఇక్కడి అడవి దున్నల) పేడ, అవి అయిపోయాక ఆవు పేడ, మొక్కజొన్న కంకుల బెండ్లు. "పిడకలేగా" అంది అమ్మ, అంతకన్నా వివరణ అక్కర్లేదు. కాకపోతే వీళ్లు మనలా చేత్తో కొట్టి గోడకి వెయ్యలేదు, మైదానంలో ఎండి పడి ఉన్నవి ఏరుకొచ్చేవాళ్లు.

6. వంటిళ్లు: అమ్మని ముందు నడవనివ్వండి

వార్ప్ ఆయన 1830 నుంచి మొదలుపెట్టి తరానికో వంటిల్లు చొప్పున వరసగా పెట్టించాడు, ఇది నిజంగా బాగా చేశాడు. మీరు ముందు నడిచి వివరించొద్దు. అమ్మ వెనకాల నడవండి, ఎక్కడ ఆగుతుందో చూడండి.

లాంతరు దగ్గర ఆగుతుంది, చిమ్నీ బూడిదతో తుడిచిన సంగతి చెప్తుంది. ఇస్త్రీ పెట్టె దగ్గర ఆగుతుంది, కానీ తేడా గమనించండి, మనది లోపల బొగ్గులు పోసేది, ఇక్కడ ఎక్కువగా ఉండేవి గట్టి ఇనప ముద్దలు, పొయ్యి మీద పెట్టి వేడి చేసేవి, ఒకటి చల్లారేలోపు ఇంకోటి కాగుతూ ఉండాలి. కాలు మిషన్ దగ్గర సరేసరి, సింగర్ అన్న పేరు చూసి మా అమ్మ ఆ గాజు పెట్టెకి దండం పెట్టినంత పని చేసింది.

క్రీమ్ సెపరేటర్ అని ఒకటుంటుంది, పైన పెద్ద గిన్నె, కింద రెండు గొట్టాలు, పక్కన చేత్తో తిప్పే హ్యాండిల్. దీన్ని అందరూ దాటేసి వెళ్లిపోతారు. పాలు పోసి గట్టిగా తిప్పితే లోపల ఉన్న పళ్లేలు గిర్రున తిరిగి మీగడ ఒక గొట్టంలోంచి, వెన్న తీసిన పాలు ఇంకో గొట్టంలోంచి వస్తాయి. మా అమ్మ అడిగింది, "పెరుగు తోడుపెట్టరా మరి?" అని. ఇదే అసలు తేడా. మనం పాలు తోడుపెట్టి పెరుగు చిలికి వెన్న తీస్తాం, వీళ్లు పచ్చి పాల మీంచి మీగడ తీసి ఆ మీగడనే చిలుకుతారు. ఆ పళ్లేలన్నీ రోజూ విడదీసి కడగాలి, లేకపోతే వాసన, ఆ పని ఎక్కువగా ఇంట్లో పిల్లల నెత్తిన పడేది. ఇది మా అమ్మాయికి చెప్పాక డిష్‌వాషర్ సర్దమంటే రెండు రోజులు కిక్కురుమనలేదు.

7. వ్యవసాయం షెడ్డు: నాన్న, ఒక కుర్చీ

చాలా చోట్ల కూర్చోవడానికి బల్లలు తక్కువ, మడత కుర్చీ తీసుకెళ్లొచ్చా అని అడగండి, నాన్న ఇక్కడ ఎంతసేపు ఉంటారో చెప్పలేం.

బండి చక్రం దగ్గర మొదలుపెట్టండి. ఆకులు, ఇరుసు, శీల, అంచున ఇనప పట్టా, అన్నీ మన బండికి ఉన్నవే. మా నాన్న వంగి శీల చూసి "ఇది తర్వాత మార్చింది, పాతది కాదు" అన్నారు, పక్కనున్న వాలంటీర్‌కి అది చెప్తే ఆయన నిజమే, పోయిన ఏడాది నేనే పెట్టా అని నవ్వాడు. విత్తే యంత్రాన్ని మన గొర్రుతో పోల్చమనండి, నాగలి కర్రు చూపించండి. ఇక్కడి మట్టి జిగురు, చెక్క, పోత ఇనుము నాగళ్లకి అంటుకుపోయేది, 1837లో జాన్ డీర్ అనే కమ్మరి నున్నటి ఉక్కు నాగలి చేశాకే పని నడిచింది. ఇవాళ ఆకుపచ్చ ట్రాక్టర్ల మీద ఉండే పేరు అదే.

ముళ్లతీగ ముక్కలు బోర్డు మీద వరసగా మేకులు కొట్టి ఉంటే నవ్వకండి. కంచె వెయ్యడానికి కర్ర లేని దేశంలో 1874లో జోసెఫ్ గ్లిడెన్ అనే రైతు తన ముళ్లతీగకి పేటెంట్ తెచ్చుకున్నాకే పొలం పశువుల నుంచి దక్కింది. అదే 1874లో మిడతల దండు వచ్చి పంట, బట్టలు, పనిముట్ల చెక్క పిడులు కూడా కొరికేసింది. మిడతల గురించి బోర్డు కనిపిస్తే నాన్నకి చదివి వినిపించండి.

హెచ్చరిక ఒకటి. తెలిసిన పనిముట్టు కనిపించగానే మన పెద్దవాళ్ల చెయ్యి ఆటోమేటిగ్గా ముందుకెళ్తుంది, తిప్పి చూపించాలని. ముందు అడగండి. మొక్కజొన్న ఒలిచే మిషన్ లాంటివి కొన్ని చోట్ల తిప్పనిస్తారు, అడిగితే కంకి కూడా ఇస్తారు. అడక్కుండా తిప్పితే పళ్లు విరిగేది మిషన్‌వి కావచ్చు, వేళ్లు కావచ్చు.

8. ఒంటిగది బడి

ఇక్కడ పెద్దగా చెప్పేదేం లేదు, పిల్లల్ని బెంచీల మీద కూర్చోబెట్టండి, ఎనిమిది క్లాసులకి ఒకే గది ఒకే టీచర్ అని చెప్పండి. తాతగారు "మాదీ ఏకోపాధ్యాయ పాఠశాలే" అంటారు, ఇంక ఆయనే నడిపిస్తారు. కొంచెం పెద్ద పిల్లలైతే 1888 జనవరి 12 మంచు తుఫాను సంగతి చెప్పండి, పొద్దున వెచ్చగా ఉందని పల్చటి బట్టలతో బడికెళ్లిన పిల్లలు చాలామంది ఇంటికి చేరలేదు. చిన్నపిల్లలకి చెప్పకండి, రాత్రి నిద్రపోరు.

9. మ్యూజియం చెప్పనిది అడగండి

లేబుళ్లు ఎక్కువగా "ఫలానా కుటుంబం ఇక్కడ మొట్టమొదట స్థిరపడింది" అని రాస్తాయి. మొట్టమొదట అనేది తప్పు. ప్లాట్ నది పొడవునా పానీ అనే అమెరికా ఆదివాసీ తెగ వాళ్లు అంతకు ముందు నుంచే మొక్కజొన్న పండించుకుంటూ, బైసన్లని వేటాడుకుంటూ బతికారు, ఒప్పందాల పేరుతో భూమి తీసుకుని 1870ల్లో వాళ్లని ఓక్లహోమా వైపు పంపించేశారు. అలా తీసుకున్న భూమినే ఉచితంగా పంచారు. వాలంటీర్‌ని నిలదీసినట్టు కాకుండా "వీళ్లకన్నా ముందు ఇక్కడ ఎవరుండేవాళ్లు, వాళ్ల వస్తువులు ఏమైనా ఉన్నాయా" అని అడగండి. కొందరు బాగా చెప్తారు, కొందరు బాణపు ములుకుల పెట్టె చూపించి మాట మారుస్తారు. రెండిటి నుంచీ ఏదో ఒకటి తెలుస్తుంది.

భూమి సంగతి నాన్నకి రెండు ముక్కల్లో ఇలా చెప్పండి. 1862లో ప్రెసిడెంట్ లింకన్ సంతకం పెట్టిన హోమ్‌స్టెడ్ చట్టం, 160 ఎకరాలు, ఐదేళ్లు అక్కడే ఉండి సాగు చెయ్యాలి, ఇల్లు కట్టాలి, ఆఖర్న ఇద్దరు సాక్షులతో రుజువు చేసుకుంటే పేటెంట్ అనే కాగితం చేతికొస్తుంది. పేటెంట్ అంటే మన పట్టాయే. మొదలుపెట్టడానికి పౌరసత్వం అక్కర్లేదు, తీసుకుంటానని డిక్లరేషన్ ఇస్తే చాలు, పట్టా చేతికొచ్చేలోపు మాత్రం పౌరులై ఉండాలి. గ్రీన్ కార్డు క్యూలో పదేళ్లుగా ఉన్నవాళ్లు ఈ లైను దగ్గర కాసేపు ఆగుతారు, మా ఆయన ఆగారు. అయితే మనకి ఆ డిక్లరేషన్ దారి కూడా నిలబడేది కాదు, 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ ఆయన కేసులో భారతీయులు పౌరులు కాలేరని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది, ఆ దారి తెరుచుకుంది 1946లో.

ఇంకోటి, ఇలాంటి మ్యూజియంలలో ఎక్కడో ఒక గోడకి గాజు ఫ్రేములో గుర్రపు నాడా ఆకారంలో పూలదండ ఉంటుంది, గోధుమ రంగు, బూడిద రంగు పూలు. దగ్గరికెళ్లి చూడండి. అవి మనుషుల వెంట్రుకలు, చనిపోయినవాళ్లవి, బతికున్నవాళ్లవి, సన్నటి తీగ మీద చుట్టి పూలరేకులు చేస్తారు. మా అమ్మకి చెప్పగానే రెండడుగులు వెనక్కి వేసింది. కాసేపయ్యాక మళ్లీ వెళ్లి చూసి, "మనం దేవుడికి ఇచ్చేస్తాం, వీళ్లు దాచుకున్నారు" అంది. భయపడేవాళ్లుంటే ముందే చెప్పి తీసుకెళ్లండి.

ఫోటోలు తీసేటప్పుడు

ముందు లేబుల్ ఫోటో, తర్వాత వస్తువు ఫోటో, ఎప్పుడూ ఇదే వరస. లేకపోతే ఇంటికొచ్చాక రెండొందల ఫోటోల్లో ఏది వెన్న చిలికేదో ఏది బట్టలుతికేదో తెలియదు. గాజు మీద ఫ్లాష్ వద్దు. అమ్మానాన్న ఏదైనా వస్తువు గురించి చెప్తుంటే ఫోటో కాదు, వీడియో తియ్యండి, మాట రికార్డ్ అవ్వాలి. మొదటిసారి నేను తియ్యలేదు, ఆ తాటాకు కప్పు కథ మళ్లీ చెప్పమంటే అమ్మ "ఏముంది అందులో" అనేసింది.

సరిగ్గా చూశారో లేదో ఎలా తెలుస్తుంది

తిరిగి వచ్చేటప్పుడు కారులో పిల్లల్ని ఒక వస్తువు ఎంచుకుని ఫోటో చూడకుండా అది ఎలా పనిచేస్తుందో చెప్పమనండి. పేరు చెప్తే చాలదు, ఏది తిప్పితే ఏది కదులుతుందో చెప్పాలి. చెప్పగలిగితే సరిపోయింది. "చాలా పాత వస్తువులున్నాయి" అని మాత్రమే అంటే మీరు 4వ నంబర్ దగ్గర తప్పు చేశారు, ఈసారి తక్కువ చూడండి.

రెండో పరీక్ష నాకిష్టమైనది. మ్యూజియంలో ఏదైనా బెంచీ మీదో పెట్టె మీదో రాసున్న పాత కుటుంబం పేరు, కౌంటీ పేరు నోట్ చేసుకు రండి. ఇంటికొచ్చాక బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ (ప్రభుత్వ భూముల శాఖ) వాళ్ల ల్యాండ్ రికార్డుల సైటులో రాష్ట్రం, కౌంటీ, ఇంటిపేరు కొట్టి వెతకండి, ఉచితమే. అసలు పేటెంట్ కాగితం స్కాన్ చేసింది వస్తుంది, తేదీ, ఎన్ని ఎకరాలు, ఏ సెక్షన్‌లో (చదరపు మైలు ముక్క) ఏ పావు. లేబుల్ మీద ఏడాదికీ కాగితం మీద ఏడాదికీ ఐదారేళ్లు తేడా ఉంటే కంగారుపడకండి, లేబుల్ మీదది వచ్చిన ఏడాది, కాగితం మీదది పట్టా ఏడాది. అసలు పేరే దొరక్కపోతే స్పెల్లింగ్ మార్చి చూడండి, నార్వే, స్వీడన్, జర్మన్ పేర్లు రాసేవాడి ఇష్టం వచ్చినట్టు రాశారు. అప్పటికీ లేకపోతే వాళ్లు రైల్వే కంపెనీ దగ్గరో ఇంకొకరి దగ్గరో కొనుక్కుని ఉంటారు, లేదా ఐదేళ్లు నిలబడలేక వదిలేసి పోయుంటారు. అలా పోయినవాళ్లు చాలామందే.

మిండెన్ దూరం అనుకుంటే

గ్రాండ్ ఐలండ్‌లో స్టూర్ మ్యూజియం ఉంది, ఐ-80కి దగ్గర, పాత రైల్వే ఊరు మొత్తం కట్టి పెట్టారు, ఎండాకాలం అయితే వేషాలు వేసుకుని కమ్మరి పని చేసి చూపిస్తారు, చిన్నపిల్లలుంటే మిండెన్ కన్నా ఇదే నయం. లింకన్ వాళ్లకి బియాట్రిస్ దగ్గర హోమ్‌స్టెడ్ నేషనల్ హిస్టారికల్ పార్క్, టికెట్ లేదు, మొట్టమొదటి క్లెయిముల్లో ఒకటైన డేనియల్ ఫ్రీమన్ భూమి అది, 1863 జనవరి 1న పెట్టుకున్నాడు. బిల్డింగ్ కప్పు నాగలి ఆకారంలో ఉంటుంది, వెనకాల గడ్డి మైదానంలో నడవొచ్చు. దీన్ని బీట్రిస్ అని అడిగితే స్థానికులు సరిదిద్దుతారు, బి-యా-ట్రిస్. గడ్డిలో నడిచొచ్చాక ప్యాంట్లు, చీర కుచ్చిళ్లు దులుపుకుని పిడుదులు ఉన్నాయేమో చూసుకోండి.

మార్చిలో వచ్చే పెద్దవాళ్లుంటే కార్నీ దగ్గర ప్లాట్ నది మీద శాండ్‌హిల్ కొంగలు లక్షల్లో దిగుతాయి, పొద్దున అవి, తెరిచుంటుందని ముందే ఫోన్ చేసి కనుక్కుంటే మధ్యాహ్నం మిండెన్, ఒకే ట్రిప్పులో అయిపోతుంది. కాకపోతే మార్చిలో హీటర్ లేని బిల్డింగుల్లో చలి ఎముకలు కొరుకుతుంది, అమ్మకి స్వెటర్ మీద కోటు వెయ్యండి, శాలువా సరిపోదు.